బట్టీ వద్దు చెల్లెమ్మా, మీ జిల్లా మీద పెట్టి చదువు

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు దగ్గర పల్లె. బీకాం అయిపోయాక తిరుపతిలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. జాగ్రఫీలో కొండలు, నదులు, రుతుపవనాలు బాగానే ఎక్కుతున్నాయి. హ్యూమన్ జాగ్రఫీకి వచ్చేసరికి సైట్, సిట్యుయేషన్, స్పేస్, ప్లేస్, రీజియన్, డిఫ్యూజన్, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రాత్రి చదివింది పొద్దున్నే ఉండదు. ఈ నిర్వచనాలన్నీ బట్టీ పట్టాల్సిందేనా? ఇంతకీ ఇది సైన్సా, సోషలా? చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా చదవమంటారు?

జవాబు:

చెల్లెమ్మా, బట్టీ పట్టొద్దు. పడితే పరీక్ష హాల్లో సైట్ నిర్వచనం సిట్యుయేషన్ కింద రాసి వస్తావు, ఎందుకంటే ఆ రెండు వాక్యాలూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అవి అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. ఈ సబ్జెక్టులో ప్రతి పదమూ ఒక ప్రశ్న కోసం పుట్టింది. ఆ ప్రశ్న ఏంటో పట్టుకుని, నీకు తెలిసిన ఊరిని అడిగి చూడు. జవాబు వచ్చిందంటే పదం నీదైపోయినట్టే. నువ్వు ఉన్న తిరుపతి, నువ్వు వచ్చిన చిత్తూరు, ఈ రెండూ చాలు, మొదటి చాప్టర్ మొత్తం ఇక్కడే దొరుకుతుంది.

ఈ సబ్జెక్టు ముఖ్యంగా అడిగేది రెండే. ఏది ఎక్కడ ఉంది, అక్కడే ఎందుకు ఉంది. శేషాచలం కొండలు ఎలా ఏర్పడ్డాయో ఫిజికల్ జాగ్రఫీ చెబుతుంది. ఆ కొండ కింద ఇంత పెద్ద ఊరు ఎందుకు పెరిగింది, పక్కన అలాంటి కొండే ఉన్న ఇంకోచోట ఎందుకు పెరగలేదు అనేది హ్యూమన్ జాగ్రఫీ. సైన్సా సోషలా అన్నావు కదా, రెండూనూ. జనాభా లెక్కలు, దూరాలు, మ్యాపులు వాడుతుంది కాబట్టి కొలతల శాస్త్రం, మనుషుల నమ్మకాలు, నిర్ణయాలు, రాజకీయం పట్టించుకుంటుంది కాబట్టి సామాజిక శాస్త్రం. ఈ ప్రశ్న మీద ఇంక సమయం పెట్టకు.

లొకేషన్‌తో మొదలుపెట్టు. తిరుపతి సుమారు 13.65 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.42 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఇది అబ్సల్యూట్ లొకేషన్, ఎవరు చూసినా, ఏ కాలంలో చూసినా అదే. చెన్నైకి సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరుకి సుమారు 250, పక్కనే రేణిగుంట జంక్షన్, ఇది రిలేటివ్ లొకేషన్. ఇది మారుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడకముందు తిరుమల ఎక్కాలంటే నడవాలి, లేకపోతే డోలీలో మోయించుకోవాలి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. కొండ అంగుళం కదల్లేదు, డిగ్రీలు మారలేదు, కానీ మదరాసులో ఉన్న మనిషికి తిరుమల దగ్గరైపోయింది. నడకదారిలో గంటల తరబడి ఎక్కే కొండకి బస్సులో గంటలోపే చేరిపోవడాన్ని టైమ్ స్పేస్ కంప్రెషన్ అంటారు, డేవిడ్ హార్వే అనే భూగోళవేత్త 1989లో వాడిన మాట. ఆయన రాసింది ఇంతకంటే పెద్ద సంగతి, పెట్టుబడి వేగం ప్రపంచాన్ని ఎలా కుదించిందో చెప్పాడు, కానీ మొదటిసారి అర్థం చేసుకోవడానికి ఘాట్ రోడ్డు సరిపోతుంది.

ఇప్పుడు నిన్ను ఏడిపిస్తున్న జంట. సైట్ అంటే ఊరు నిలబడిన నేల. కొండ పాదం, కపిలతీర్థంలో పైనుంచి దూకే నీళ్లు, స్వర్ణముఖి వైపు వాలుగా దిగే భూమి. సిట్యుయేషన్ అంటే ఆ నేలకి చుట్టుపక్కల లోకంతో ఉన్న సంబంధం. చెన్నై, బెంగళూరు, కడప దారులకి అందుబాటులో ఉండటం, కొండెక్కే ప్రతివాడూ ముందు ఇక్కడ ఆగక తప్పకపోవడం. 12వ శతాబ్దంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామి గుడి ప్రతిష్ఠించి చుట్టూ ఊరు కట్టించారని సంప్రదాయం చెబుతుంది, పాత తిరుపతి వీధులు ఇప్పటికీ ఆ గుడి చుట్టూనే అల్లుకుని ఉన్నాయి చూడు. గుడికి చోటు ఇచ్చింది సైట్. ఊరిని నగరం చేసింది సిట్యుయేషన్. చిత్తూరుకి నువ్వే రాయి: నీవా నది ఒడ్డు ఏమవుతుంది, వేలూరు, బెంగళూరు, తిరుపతి దారులు కలవడం ఏమవుతుంది? ఈ ఒక్క ఎక్సర్‌సైజు చేస్తే ఆ రెండూ మళ్లీ కలవవు.

స్పేస్, ప్లేస్ గురించి పుస్తకాలు అనవసరంగా బరువుగా రాస్తాయి. కొలవగలిగింది స్పేస్, మనిషికి అర్థం ఉన్నది ప్లేస్. యీ ఫూ తువాన్ అనే చైనా మూలాలున్న అమెరికన్ భూగోళవేత్త 1977లో ఈ తేడాని బలంగా చెప్పాడు. అలిపిరి సర్వేయర్‌కి కొండవాలులో ఒక బిందువు. పాదాల మండపంలో స్వామి పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసే ముసలమ్మకి అదే అలిపిరి జీవితంలో మరిచిపోలేని చోటు. చోటు ఒక్కటే, అడిగే ప్రశ్న మారింది, అంతే.

తరువాతది ఈ చాప్టర్‌కి గుండెకాయ లాంటిది, దీని మీద ఎక్కువ సమయం పెట్టు. మనిషి ప్రకృతికి బానిసా, యజమానా అన్న వాదం. జర్మనీలో ఫ్రెడరిక్ రాట్జెల్ 1882లో మానవ భూగోళం మీద తన పెద్ద గ్రంథం మొదటి భాగం తెచ్చాడు. ఆయన శిష్యురాలు, అమెరికాకి చెందిన ఎలెన్ సెంపుల్ 1911లో ఇంకా గట్టిగా చెప్పింది, మనిషిని తయారుచేసింది ఈ భూమి ఉపరితలమేనని. దీన్నే ఎన్విరాన్‌మెంటల్ డిటర్మినిజం అంటారు, మన పుస్తకాల్లో నియతివాదం. ఫ్రాన్స్‌లో విడాల్ డి లా బ్లాష్ దీనికి అడ్డం తిరిగాడు. ప్రకృతి అవకాశాలు చూపిస్తుంది, ఎంచుకునేది మనిషి అన్నాడు. ఆ ఆలోచనకి పాసిబిలిజం అని పేరు పెట్టింది మాత్రం లూసియన్ ఫెబ్వర్ అనే చరిత్రకారుడు. ఎవరు చెప్పారు, ఎవరు పేరు పెట్టారు అని బిట్ల పేపర్లో తిప్పి అడుగుతారు, జాగ్రత్త.

ఇప్పుడు దీన్ని మన జిల్లా మీద పెట్టు. ఎర్రనేల, ఏడాది పొడుగునా పారే నది లేదు, వాన ఒక ఏడు కురిస్తే రెండేళ్లు ఎగ్గొడుతుంది. నియతివాది దీన్ని చూసి, ఇక్కడి జనం ఎప్పటికీ పేదవాళ్లే, వాళ్ల నేల రాత అది అంటాడు. మన ముందుతరాలు ఏం చేశాయి? వాలు చూసి కట్టలు వేసి చెరువు కింద చెరువు గొలుసుగా తవ్వాయి, పై చెరువు నిండి మరవ పారితే కింది చెరువుకి నీళ్లు. తరవాత బావులు, ఆ తరవాత బోర్లు. వరి పండని మెట్టలో తోతాపురి మామిడి పెట్టారు, గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చాయి. పైరు పోయినా ఇల్లు గడవాలని ప్రతి ఇంటి ముందూ ఆవులు కట్టేశారు, పలమనేరు, కుప్పం వైపు మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచారు. వాన అదే, నేల అదే, మనుషులు ఎంచుకున్నవి వేరు. పాసిబిలిజం అంటే మీ అమ్మానాన్నలు చేసిన పని, నీకు ఎవరూ ఆ పేరుతో చెప్పలేదు, అంతే.

కానీ కథ అక్కడ ఆగదు. బోరు మీద బోరు వేస్తూ పోతే ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు, నీళ్లు లోపలికి, ఇంకా లోపలికి పోయాయి, వేసిన బోరు ఎండి అప్పు మిగిలిన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. గ్రిఫిత్ టేలర్ అనే భూగోళవేత్త చెప్పిన నియో డిటర్మినిజం ఇదే. ఆయన ఆస్ట్రేలియా ఎడారి భాగాలు చూసి, అక్కడ కోట్లమందిని స్థిరపరచొచ్చని కలలు కనేవాళ్లని ఆపడానికి ఈ మాట చెప్పాడు. మనిషి వేగం పెంచొచ్చు, తగ్గించొచ్చు, ఆపొచ్చు, కానీ ప్రకృతి చూపిన దారి దాటి పోతే లాభం లేదు. పుస్తకాల్లో దీన్ని స్టాప్ అండ్ గో డిటర్మినిజం అని కూడా రాస్తారు. చెరువు, మామిడి, ఆవు పచ్చలైటు, ఎండిన బోరు ఎర్రలైటు. పది మార్కుల ప్రశ్నకి ఈ ఉదాహరణ రాస్తే దిద్దేవాడు ఆగి చదువుతాడు, ఎందుకంటే మిగతావాళ్లంతా పుస్తకంలో ఉన్న ఉదాహరణే రాసుంటారు.

నియతివాదాన్ని ఊరికే పాత సిద్ధాంతం అని దాటిపోకు. వేడి దేశాల జనం సోమరులు, చల్లటి దేశాల వాళ్లు చురుకైనవాళ్లు అనే మాటకి అది శాస్త్రం ముసుగు వేసింది. ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో నాగరికత, శీతోష్ణస్థితి మీద రాసినదంతా ఆ దారిలోదే. మనలాంటి దేశాల్ని ఏలడం న్యాయమే అని చెప్పుకోవడానికి అలాంటి మాటలు పనికొచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా రాయలసీమ కరువు సీమ కాబట్టి అక్కడి మనుషులు ఇలాగే ఉంటారు అన్నారంటే అదే వాదం. దాన్ని గుర్తుపట్టి, పేరు పెట్టి, కాదని చెప్పగలగాలి నువ్వు.

కల్చరల్ ల్యాండ్‌స్కేప్ కూడా ఇక్కడే కలిపి చదువుకో. కార్ల్ సావర్ 1925లో చెప్పింది: సంస్కృతి పని చేసేది, ప్రకృతి పని జరిగే నేల, రెండూ కలిస్తే వచ్చేది సాంస్కృతిక భూదృశ్యం. శేషాచలం అడవి, రాతి మెట్లు, గాలిగోపురం, ఘాట్ రోడ్డు మలుపులు, ఇవన్నీ కలిపి చూడు. అంతే.

రీజియన్‌లో మూడు రకాలు. ఏదో ఒక లక్షణం అంతటా ఒకేలా ఉంటే ఫార్మల్ రీజియన్, తోతాపురి తోటలున్న మండలాలన్నీ కలిపితే ఒకటి, ఒకే పాలన కింద ఉన్న జిల్లా ఇంకొకటి. ఒక కేంద్రం చుట్టూ రాకపోకలతో అల్లుకున్నది ఫంక్షనల్ రీజియన్. తిరుపతిలోని రుయా ఆసుపత్రికి ఏయే ఊళ్ల నుంచి రోగులు వస్తారో గీత గీస్తే అది జిల్లా గీతని పట్టించుకోదు, కడప వైపు, నెల్లూరు వైపు పోతుంది. మూడోది జనం మనసులో ఉండే రీజియన్, వర్నాక్యులర్ లేదా పర్సెప్చువల్ అంటారు. దీనికి రాయలసీమ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన నేలని దత్తమండలాలు అనేవాళ్లు. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. మన చిత్తూరు జిల్లా పుట్టిందేమో 1911లో, ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు మాత్రం కడప నుంచి తీసి కలిపారు. అంటే దత్తమండలాల చరిత్ర చిత్తూరు అంతటికీ వర్తించదు, అయినా చిత్తూరువాడు తనని రాయలసీమవాడు అనే చెప్పుకుంటాడు. ఆ చెప్పుకోవడమే పర్సెప్చువల్ రీజియన్‌కి రుజువు.

గీతలు మారతాయి కూడా. 1960లో మన జిల్లాలోని తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి పోయింది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి తీసి తిరుపతి జిల్లా చేశారు. ఫార్మల్ రీజియన్ ఒక జీవోతో ఆ రోజుకి మారిపోయింది. సూళ్లూరుపేటవాళ్లని మీదేవూరు అంటే నెల్లూరు అనే మాట మాత్రం అంత తొందరగా పోదు.

స్కేల్ దగ్గర ఒక మోసం ఉంది. లార్జ్ స్కేల్ మ్యాపు చిన్న ప్రాంతాన్ని వివరంగా చూపిస్తుంది, స్మాల్ స్కేల్ మ్యాపు పెద్ద ప్రాంతాన్ని. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, చెరువు కట్ట కూడా కనబడుతుంది. గోడమీది భారతదేశం మ్యాపులో తిరుపతి ఒక చుక్క. మొదటిదే లార్జ్ స్కేల్. చాలామంది తిప్పి రాస్తారు.

జనాభా పదాలు నీకు బీకాం లెక్కల్లా తేలిక. 2011 సెన్సస్ ప్రకారం అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 41,74,064 మంది, విస్తీర్ణం 15 వేల చదరపు కిలోమీటర్లు దాటింది, అంటే చదరపు కిలోమీటరుకి 275 మంది. ఇది అరిథ్మెటిక్ డెన్సిటీ. కానీ ఆ విస్తీర్ణంలో మనుషులు ఉండని అడవి, కొండ కూడా ఉన్నాయి. సాగు భూమితో మాత్రమే భాగిస్తే వచ్చేది ఫిజియలాజికల్ డెన్సిటీ, అది ఎక్కువ ఉంటుంది, నేల మీద అసలు భారం అది చెబుతుంది. తిరుమలని చూడు, అక్కడ ఇల్లు ఉన్నవాళ్లు కొన్ని వేల మందే, రోజూ వచ్చే భక్తులు అరవై డెబ్బై వేలు. సెన్సస్ నివాసం ఉండేవాళ్లని చూసి లెక్క కడుతుంది, నీళ్లు, చెత్త, ట్రాఫిక్ మాత్రం వచ్చేవాళ్లని కూడా లెక్కపెట్టుకోమంటాయి.

మైగ్రేషన్‌కి ఉదాహరణ నువ్వే. పల్లెలో కోచింగ్ లేకపోవడం పుష్, అంటే ఊరి నుంచి నెట్టేది, తిరుపతిలో లైబ్రరీలు, తోటి అభ్యర్థులు పుల్, అంటే అక్కడికి లాగేది. హాస్టల్ ఫీజు, ఆడపిల్లని ఒంటరిగా పంపాలా అని ఇంట్లో జరిగిన వాదన, ఇవి ఎవరెట్ లీ 1966లో చెప్పిన ఇంటర్‌వీనింగ్ అబ్‌స్టకిల్స్, మధ్యలో వచ్చే అడ్డంకులు. అంతకుముందే 1885లో రేవెన్‌స్టీన్ బ్రిటన్ సెన్సస్ చూసి కొన్ని సూత్రాలు రాశాడు: ఎక్కువమంది దగ్గరికే వెళతారు, మెట్టుమెట్టుగా వెళతారు, ప్రతి ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఉంటుంది, తక్కువ దూరాల్లో ఆడవాళ్లే ఎక్కువ కదులుతారు. పల్లె నుంచి పలమనేరు, అక్కడి నుంచి బెంగళూరు వెళ్లిన కుటుంబాలు నీకు తెలిసే ఉంటాయి, అది స్టెప్ మైగ్రేషన్. ఆఖరి సూత్రం మన దేశంలో కూడా నిజమే, కారణం మాత్రం ఎక్కువగా పెళ్లి. అత్తారింటికి పోవడాన్ని మనం వలస అనుకోము, సెన్సస్ అనుకుంటుంది.

డిఫ్యూజన్ అంటే ఒక అలవాటు, వస్తువు, నమ్మకం ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకడం. మనుషులు మోసుకుపోతే రీలొకేషన్ డిఫ్యూజన్: అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర వెంకటేశ్వరస్వామి గుడి 1976లో వెలిసింది, మనవాళ్లు అక్కడికి పోయారు కాబట్టి. మూలంలో ఉంటూనే పక్కకి వ్యాపిస్తే ఎక్స్‌పాన్షన్, ఇందులో మూడు రకాలు. పక్క తోటలో డ్రిప్ పైపులు చూసి మనమూ వేస్తే కంటేజియస్, చెన్నైలో వచ్చిన ఫ్యాషన్ తిరుపతికి, అక్కడి నుంచి పుత్తూరికి, ఆఖరికి పల్లెకి దిగితే హైరార్కికల్. ఆలోచన వచ్చి రూపం మారితే స్టిమ్యులస్, గొడ్డుమాంసం బర్గర్ మన దేశానికి వచ్చి ఆలూ టిక్కీ అయినట్టు. స్వీడన్‌లో హేగర్‌స్ట్రాండ్ 1953లో దీన్ని లెక్కలతో అధ్యయనం చేసినప్పుడు ఆయన చూసింది కూడా రైతుల్నే, పచ్చికబీళ్ల సబ్సిడీ, పశువుల క్షయ పరీక్షలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా పాకాయో. మన పాడి పల్లెలకి ఎంత దగ్గర విషయమో చూడు.

దూరం పెరిగేకొద్దీ సంబంధం తగ్గడం డిస్టెన్స్ డికే. అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉంది, దగ్గరవాటికి ఎక్కువ అని టోబ్లర్ 1970లో అన్న మాట దీనికి మూలసూత్రంగా చెబుతారు. తిరుపతికి పాలు, కూరగాయలు ఎక్కువగా చుట్టుపక్కల నుంచే వస్తాయి, భక్తులు ఢిల్లీ నుంచీ వస్తారు. అంటే దూరం అన్నిటి మీదా ఒకేలా పనిచేయదు. సూత్రం ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో రెండూ రాస్తేనే సమాధానం నిలబడుతుంది.

ఇక చదివే పద్ధతి. ఒక నోట్‌బుక్ తీసుకుని పదాలని ఒంటరిగా కాకుండా జంటలుగా రాసుకో, ఒక్కో జంట కింద అది అడిగే ప్రశ్న, మన జిల్లా ఉదాహరణ, ఆ ఉదాహరణకి సరిపోని ఇంకోటి. రోజుకి రెండు జంటలు చాలు, ఐదు చదివితే రెండు కూడా నిలవవు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి మానవ భూగోళం పుస్తకం ముందు ఒకసారి పూర్తి చెయ్యి, కోచింగ్ నోట్సు ఆ తరవాత. పేర్లు, సంవత్సరాలు మాత్రం చిన్న కాగితం మీద విడిగా రాసిపెట్టుకో, అవి తప్పదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. క్రిస్టాలర్ సెంట్రల్ ప్లేస్ థియరీ, వాన్ థ్యూనెన్ మోడల్ ఇప్పుడే ముట్టుకోవద్దు, ఈ పదాలు కుదురుకుంటే అవి సగం సగం వాటంతటవే తెలుస్తాయి.

ముందుగా చిత్తూరు సైట్, సిట్యుయేషన్ మీద ఒక పేజీ రాసి పంపు. దిద్ది, ఎక్కడ కలగాపులగం అయిందో గీత గీసి పంపిస్తా.